కరెంటు పోయిందనుకున్న

ఎట్లుంది అని అడిగితే మనవాళ్ల నోట వచ్చే జవాబు ఒకటే: మంచిగుంది. అడిగింది ఇంటి పిల్లవాడైతే "మస్తుగుంది బిడ్డా" అని ఇంకో మెట్టు ఎక్కుతారు. జనాన్ని భయపెట్టడానికి చేసిన వస్తువుకు ఈ మెచ్చుకోలు దేనికీ అక్కరకు రాదు. మా మేనల్లుడు రాత్రిళ్లు మేలుకొని కంప్యూటర్ మీద ఒక చిన్న హారర్ గేమ్ తయారుచేశాడు. ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. షోలాపూర్ జోడ్‌భావి పేట్‌లో తెలిసినవాళ్లతో దాన్ని ఆడించి, ఏమంటున్నారో రాసిపెట్టమని నన్ను పురమాయించాడు. "నేను పక్కన కూచుంటే ఒక్కరు నిజం చెప్పరు మామా" అన్నాడు. నేను కూచున్నా చెప్పలేదనుకోండి. కాకపోతే, చెప్పకపోయినా నిజం బయటపడే దారులు వేరే ఉన్నాయి.

పాత వీడియో క్యాసెట్టు, గీతలు పడే టీవీ, నడిమధ్య తెగిపోయే ప్రసారం, ఇవే సరుకుగా భయం పుట్టించే పద్ధతిని అనలాగ్ హారర్ అంటున్నారు. క్రిస్ స్ట్రాబ్ అనే అమెరికన్ 2015లో యూట్యూబ్‌లో మొదలుపెట్టిన ‘లోకల్ 58’ దీనికి బాట వేసింది. అందులో, నిజానికి ఎక్కడా లేని ఒక టీవీ స్టేషన్ నుంచి అర్ధరాత్రి వింత హెచ్చరికలు వస్తుంటాయి. వాటిలో చాలావరకు చంద్రుడి చుట్టూ తిరుగుతాయి. ఈ పద్ధతికి ఆకాశం బాగా అతుకుతుంది. అంత దూరం నుంచి మనదాకా వచ్చేది సిగ్నల్ ఒక్కటే, దాన్ని పంపిందెవరో అడగడానికి మనిషి ఉండడు. 1977 ఆగస్టు 15న ఒహాయోలోని ‘బిగ్ ఇయర్’ రేడియో టెలిస్కోపుకు 72 సెకన్ల పాటు గట్టి సిగ్నల్ ఒకటి అందింది. తర్వాత ఆ అచ్చుకాగితం చూసిన జెర్రీ ఎమన్ పక్కనే ‘వావ్’ అని రాశాడు. ఎంత వెతికినా అది మళ్లీ రాలేదు. ఇంతకు మించిన దెయ్యం కథ నాకు తెలియదు.

మావాడి గేమ్‌లో ఒక ఉద్యోగి ఊరికి దూరంగా ఉన్న స్టేషన్‌లో ఉపగ్రహం పంపే బొమ్మలను రాత్రంతా టేపుల్లోకి ఎక్కిస్తుంటాడు. ప్రతి టేపులో ఆకాశం నుంచి ఒక చుక్క తగ్గుతుంది. మొదటి కూర్పులో మధ్యమధ్య అమెరికా వాళ్ల అత్యవసర ప్రసారాల తెర, ఆ చెవులు చిల్లులు పడే కూత పెట్టాడు. ‘లోకల్ 58’ చూసి పెరిగిన కుర్రాళ్లు ఆ తెర రాగానే కుర్చీలో సర్దుకుని కూచున్నారు. నలభై దాటినవాళ్లు మాత్రం అది ఎప్పుడు పోతుందా అన్నట్టు చూశారు. పోనీ వాళ్లకు టీవీ భయం తెలియదా అంటే, ప్రసారం ఆగినప్పుడు టీవీలో వచ్చే ‘రుకావట్ కే లియే ఖేద్ హై’ (అంతరాయానికి చింతిస్తున్నాం) పలక మాటెత్తి చూడండి! సినిమా మంచి పట్టులో ఉండగా ఆ పలక వచ్చి గంటసేపు కదలకపోవడం, చుట్టూ ఉన్న పెద్దలు కూడా ఏమీ చేయలేక కూచోవడం వాళ్లకు ఇప్పటికీ గుర్తే.

వాళ్లకు ఆకాశం భయం కూడా తెలుసు. 1979 జూలైలో అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ పడుతుందన్నప్పుడు తెలంగాణ పల్లెల్లో ఎట్లాగూ పోతాం కదా అని కోళ్లూ మేకలూ కోసుకు తిన్నారని మా ఇళ్లలో ఇంకా చెప్పుకుంటారు. షోలాపూర్ పద్మశాలి కుటుంబాల్లో చాలావాటికి కరీంనగర్, వరంగల్, నల్లగొండ, పాలమూరు వైపు చుట్టరికాలు తెగలేదు కాబట్టి ఆ కబుర్లూ ఇక్కడికి నడిచొచ్చాయి. కరీంనగర్ వైపు బండలింగంపల్లి కథగా 2021లో ‘స్కైలాబ్’ అనే తెలుగు సినిమా కూడా వచ్చింది. చివరికి ఆ 77 టన్నుల కేంద్రం ముక్కలు హిందూ మహాసముద్రంలోనూ పశ్చిమ ఆస్ట్రేలియాలోనూ పడ్డాయి. చెత్త పారేశారని ఎస్పెరెన్స్ అనే ఊరివాళ్లు నాసాకు 400 డాలర్ల జరిమానా రాశారు. అది వేరే సంగతి, కానీ ఆ జరిమానా నాకు చాలా ఇష్టం.

ఇక గేమ్ చూసినవాళ్ల నోటిమాటను నమ్మలేక నేను చేతులను చూడటం మొదలుపెట్టాను. మా చిన్నమ్మ బీడీలు చుడుతుంది. ఒళ్లో చాట, చాటలో కత్తిరించిన ఆకు, ఒక పక్క తంబాకు. ఆకు మీద తంబాకు పరిచి, వేళ్ల మధ్య దొర్లించి, మూతి మడిచి, దారం చుట్టి తెంపడం, ఇదంతా చూపు టీవీ మీద ఉండగానే జరిగిపోతుంది. సీరియల్‌లో ఎవరు చచ్చినా ఆ చేతులు ఆగవు. కూలి వెయ్యి బీడీల లెక్కన కదా. ఆమె కొడుకు గేమ్ ఆడుతుంటే నేను ఆమె చేతులనే చూస్తూ కూచున్నాను. మావాడు వారాల తరబడి చెక్కిన భయంకరమైన ముఖం తెర నిండా వచ్చింది. చేతులు ఆగలేదు. ఇంకో టేపులో ఉపగ్రహం కెమెరా మెల్లగా కిందికి దిగింది. ఒక కప్పు కనిపించింది, కప్పు పక్కన వెలుగుతున్న కిటికీ కనిపించింది. ఆ ఉద్యోగి కూచున్న గదే అది. అక్కడ సగం చుట్టిన బీడీ వేళ్ల మధ్యే నిలబడిపోయింది. గేమ్ అయ్యాక ఎట్లుంది చిన్నమ్మా అంటే "మంచిగుంది" అంది. "ఆ మొకం ఇంకొంచెం పెద్దగ పెట్టుమను."

ఆమె సలహాను మావాడికి చెప్పాను గానీ పాటించొద్దన్నాను. ఆమె వేళ్లు ఆగిన చోటును మాత్రం గీత గీసి చూపించాను.

చూసేవాళ్లను ఇట్లా గమనించడం నేను కొత్తగా కనిపెట్టింది కాదు. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై దాకా అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెలకు టీవీ చూపిన సైట్ ప్రయోగంలో, పరిశోధకులు ఊళ్లలోనే మకాం పెట్టి జనం ఎట్లా చూస్తున్నారో రాసుకున్నారు. కాగితం మీది ప్రశ్నలకు జవాబుతోపాటు మర్యాద కూడా వస్తుందని వాళ్లకు అప్పుడే తెలిసుండాలి.

పక్కింటి తాత సంగతి ఇంకా విచిత్రం. ఆయన జీవితమంతా సాంచాల (మరమగ్గాల) మీద రాత్‌పాళీ (రాత్రి షిఫ్టు) చేసిన మనిషి. చెవులు కొంచెం దెబ్బతిన్నాయి. ఇయర్‌ఫోన్స్ పెట్టి గేమ్ ముందు కూచోబెడితే కూతలకూ అరుపులకూ చలించలేదు. ఒక చోట మాత్రం ఉలిక్కిపడి ఇయర్‌ఫోన్స్ తీసేసి, తల పైకెత్తి బల్బు వైపు చూశాడు. "కరెంటు పోయిందనుకున్న" అన్నాడు. ఏమైందంటే, గేమ్ పొడవునా వెనకాల రిసీవర్ గుయ్‌మంటూ ఉంటుంది. ఆ టేపులో సౌండు అయిపోగానే మళ్లీ మొదలయ్యేట్టు పెట్టడం మావాడు మరిచిపోయాడు. కొన్ని క్షణాలు ఏ చప్పుడూ లేదు.

ఈ వాడలో చప్పుడుకు ఎవరూ భయపడరు. టకటకల మధ్యే పిల్లలు నిద్రపోతారు, పెళ్లి మాటలు నడుస్తాయి. అన్ని సాంచాలూ ఒక్కసారి ఆగినప్పుడే జనం గుమ్మాల్లోకి వస్తారు. బట్ట ఎంత దిగితే అంత కూలి అయినప్పుడు, నిశ్శబ్దమంటే ఏమిటో విడమరచి చెప్పక్కర్లేదు. అదే చోటు గురించి పూణేలో ఉన్న మావాడి దోస్తులు ‘ఆడియో కట్ అవుతోంది, బగ్, సరిచెయ్’ అని రాసి పంపారు. తాతా, వాళ్లూ పట్టింది ఒకే చోటు. మావాడు సరిచేయబోయాడు. నేను ఊరుకోలేదు. చివరికి చప్పుడు ఆగినప్పుడు గదిలో బల్బు కూడా ఒక్క పిసరు మసకబారేట్టు పెట్టాడు. ఇప్పుడు పూణే వాళ్లు దాన్ని బగ్ అనడం లేదు, గేమ్‌లో అన్నిటికన్నా అదే బాగుందంటున్నారు.

తాత ఇంకో మాట అడిగాడు. "గీ పిలగానికి రాత్‌పాళీకి ఎంత ఇస్తరు? గిన్ని జరుగుతుంటె లేచి ఇంటికెందుకు పోడు?" హారర్ రాసేవాళ్లందరినీ తిప్పలు పెట్టే ప్రశ్న ఇదే. డేవిడ్ షిమాన్‌స్కీ 2022లో తెచ్చిన ‘ఐరన్ లంగ్’ కూడా చిన్న గేమే. ఒక చంద్రుడి మీద నెత్తురు సముద్రంలో, కిటికీ మూసేసిన జలాంతర్గామిలో, మసక ఫొటోలే కళ్లుగా నడుపుకుంటూ పోవాలి. నడిపేవాడు ఖైదీ, పని ముగిస్తే విడుదల చేస్తామన్నారు కాబట్టి దిగాడు. మావాడి ఉద్యోగికి అట్లాంటి కట్టు ఏదీ లేదు. తాతే ఉపాయం చెప్పాడు: "సేటు దగ్గర అడ్వాన్స్ తీసుకుండని పెట్టు." పేట్‌లో ఎవరికీ ఇంతకన్నా వివరం అక్కర్లేదు. బాకీ తీరేదాకా సాంచా మార్చడానికి లేదని చిన్నపిల్లలకూ తెలుసు.

మావాడు గేమ్‌లో టేబుల్ సొరుగులో ఒక చీటీ పెట్టాడు. తీసుకున్నది, కోసుకున్నది, మిగిలిన బాకీ, వారం వారం అంకెలు. చిన్నమ్మ దాన్ని చూసి "అయ్యో" అంది, ఈసారి అడగకుండానే. పూణే దోస్తులు మాత్రం ఆ అంకెలను ఫొటో తీసుకుని, కూడి, తీసి, తిరగేసి, ఇది తలుపు తాళానికి కోడ్ అయివుంటుంది, విప్పితే బయటపడొచ్చా అని అడుగుతున్నారు. మావాడు వాళ్లకు ఇంకా జవాబు రాయలేదు.