శత్రువు అక్షరాలతో కట్టిన రక్షణ

అమలాపురంలో రాత్రి గోరువెచ్చని పాలలో తోడు వేస్తే తెల్లారేసరికి గడ్డపెరుగు సిద్ధం. పాలను పెరుగు చేసే బాక్టీరియాల్లో స్ట్రెప్టోకాకస్ థెర్మోఫిలస్ ఒకటి. దానికీ వైరస్‌ల బెడద ఉంది. ఫేజ్‌లనే ఈ వైరస్‌లు కణంలోకి తమ డీఎన్‌ఏను ఎక్కించి, లోపలే పిల్లల్ని పెట్టి, కణాన్ని పగలగొట్టుకుని బయటపడతాయి. పెద్ద డెయిరీల్లో తోడు సరిగా పడకపోవడానికి ఇవో ముఖ్య కారణం.

2007లో రొడాల్ఫ్ బరాంగూ, ఫిలిప్ హోర్వాత్ బృందం ఈ బాక్టీరియా మీదికి ఫేజ్‌లను వదిలి, బతికి బట్టకట్టినవాటి జన్యువులను చదివింది. క్రిస్పర్ అనే చోట కొత్త ముక్కలు చేరి ఉన్నాయి. అవి ఆ ఫేజ్‌ల డీఎన్‌ఏలోనివే! ముక్క తీసేస్తే రక్షణ పోయింది, చేరిస్తే వచ్చింది.

ఆ అమరికలో ఎంత పొందికో! ఒకే తీరు ముడుల మధ్య రకరకాల పువ్వులు కట్టిన దండలా ఉంటుంది. ముడి అంటే మళ్లీమళ్లీ వచ్చే ఒకే వరుస. పువ్వు అంటే ఫేజ్ నుంచి తీసుకున్న సుమారు 30 అక్షరాల ముక్క. కొత్తది సాధారణంగా ఒకే కొసన చేరుతుంది కాబట్టి ఏ దాడి ముందు జరిగిందో, ఏది తర్వాతో వరుసలోనే తెలుస్తుంది. కణం ఆ ముక్కకు ఆర్‌ఎన్‌ఏ నకలు తీసి క్యాస్ ప్రొటీన్లకు అందిస్తుంది. అదే ఫేజ్ మళ్లీ వస్తే అవి నకలుతో పోల్చి పట్టుకుని దాని డీఎన్‌ఏను కోసేస్తాయి. ఈ జ్ఞాపకం పిల్లకణాలకూ అందుతుంది.

ప్రకృతిలో ఇలా ముక్కలు చేర్చుకునే పని ఎన్నటికీ ముగియదు. ఆండర్స్ ఆండర్సన్, జిలియన్ బాన్‌ఫీల్డ్ 2008లో కాలిఫోర్నియాలోని రిచ్‌మండ్ గని ఆమ్లజలాల మీద పెరిగే సూక్ష్మజీవుల పొరలను పరిశీలించారు. అక్కడున్న వైరస్‌లతో సరిపోలినవి కొత్తగా చేరిన ముక్కలే. వైరస్‌లు తమ డీఎన్‌ఏ వరుసలను తమలో తాము కలగలుపుకుని పాత ముక్కలకు చిక్కకుండా పోయాయి. దాంతో ఏ ముక్క పనికొస్తుందో, ఏది కాలం చెల్లుతుందో నిర్ణయించేది వైరస్సే. రక్షణకు ముడిసరుకు ఇచ్చేదీ, దాన్ని దిద్దేదీ కూడా అదే.

క్రిస్పర్ ఒక్కటే కాదు, ఇతర రక్షణలదీ ఇదే కథ. 2021లో వెలువడ్డ ఒక పరిశోధనలో సముద్రపు విబ్రియో బాక్టీరియాలు దాదాపు ఒకే జన్యువులతో ఉన్నా, ఫేజ్‌ను అడ్డుకునే జన్యువులను మోసే సంచార డీఎన్‌ఏ ముక్కల్లో మాత్రం తేడాలు చూపాయి. కోనసీమ రొయ్యల రైతును భయపెట్టేదీ విబ్రియో జాతే. రక్షణలు ఇలా మారుతుంటాయి కాబట్టి చెరువులో దాన్ని ఫేజ్‌లతో అణచాలనుకునేవారు ఒక్క ఫేజ్‌నే నమ్ముకోకూడదు. కణంలోకి వేర్వేరు దారుల్లో చొరబడే ఫేజ్‌లను కలిపి వాడాలి. బాక్టీరియా మారినప్పుడల్లా వాటినీ మార్చుకోవాలి.