కొమ్మ వదలకుండా ఇల్లు మారింది

ఇగువానా అనే బల్లిజాతి ప్రాణిని పట్టుకుని కొత్త గూట్లో వేయడానికి పది సెకన్లు చాలు. తొండుపల్లిలో నాకు తమ్ముడి వరసయ్యే కుర్రాడికి ఇరవై రోజులు పట్టింది. (శంషాబాద్ పక్కనున్న ఆ ఊరి పేరులో తొండ వినబడడం నా కల్పన కాదు, ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కేవాళ్లని అడగండి.) ఆ ఇరవై రోజుల్లో జంతువును అతను ముట్టుకున్నది దాదాపు లేదు. నాకు ముచ్చటేసింది అందుకే.

గూడు ఆరడుగుల పాత చెక్క బీరువా. తలుపులు తీసేసి అద్దాలు బిగించాడు. వార్నిష్ వాసన పోయేదాకా మేడ మీద ఆరబెట్టాడు. తర్వాత ఖాళీ గూట్లోనే దీపాలు వెలిగించి, పైనొకటి కిందొకటి థర్మామీటర్లు పెట్టి, పొద్దున మధ్యాహ్నం రాత్రి నోటుబుక్కులో రాసుకున్నాడు. దీపం కింద కొమ్మ దగ్గర 35 డిగ్రీలు, అడుగున 26. ఒంట్లో వేడి పుట్టించుకోలేని జీవికి ఈ తేడాయే ప్రాణం. వెచ్చదనం లేకపోతే తిన్న ఆకు అరగదు. అతినీలలోహిత కిరణాలిచ్చే దీపాన్ని గూటి లోపలే, జాలీ చాటున అమర్చాడు. మామూలు అద్దం ఆ కిరణాల్లో పనికొచ్చే భాగాన్ని ఆపేస్తుంది. అవి అందకపోతే ఒంటికి కాల్షియం పట్టదు, ఎముకలు మెత్తబడతాయి.

ఇక అసలు పనితనం. ఇగువానా నడినెత్తిన చిన్న పొలుసులాంటి మూడో కన్ను ఉంటుంది. దానికి బొమ్మ కనబడదు, వెలుగునీడలే తెలుస్తాయి. పైనుంచి చెయ్యి దిగిందంటే దాని లెక్కలో గద్ద దిగినట్టే. తోక పట్టుకుంటే విరిగి చేతిలో మిగలొచ్చు. కాళ్లు పట్టి లాగితే గోళ్లు కొమ్మలోకి దిగుతాయి. ఉడుంపట్టు ఉడుముకే సొంతం కాదు.

"గుంజద్దన్నా. కొమ్మనే లేపాలె."

తెల్లవారుజామున, రాత్రి చల్లదనానికి అది ఇంకా మందకొడిగా ఉండగానే, ఫ్యాను ఆపి, గది తలుపు వేసి, దాని మీద పల్చటి నల్లగుడ్డ కప్పాడు. కొమ్మకు ఒక కొస అతనూ ఇంకో కొస నేనూ పట్టుకున్నాం. మూడున్నర అడుగుల ప్రాణి, కొమ్మను కరచుకునే, కొత్త గూట్లోకి నడిచొచ్చినంత నిదానంగా చేరింది. ఇందులో ఇంకో కిటుకుంది. బల్లిజాతి నాలుక చాచి వాసన రేణువుల్ని అంగిట్లోని అవయవానికి అందిస్తుంది. పాత కొమ్మ, పాత నీళ్ల గిన్నె లోపలుంటే నాలుకకు తగిలేది తన ఇంటి వాసనే. గుడ్డను లాగెయ్యలేదు, అదే బయటికొచ్చాక తీశాడు. అద్దానికి మూడు వైపులా పాత దుప్పటి కట్టి, రోజుకింత చొప్పున తెరిచాడు.

ఒక్క తప్పు దొర్లింది. రెండో రోజు చుట్టాల పిల్లలొచ్చి అద్దం మీద తట్టారు. ఇగువానా ఒళ్లు నల్లబడింది, గొంతు కింది తిత్తి సాగింది. అతను అరవలేదు. దుప్పటి మళ్లీ దించి, పిల్లల్ని మేడ మీదికి తీసుకుపోయాడు.

ఈ మెలకువలు ఉడుముకో తొండకో వాడదామనుకునేవాళ్లకు ఒక మాట. ఉడుము వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో ఉంది, పెంచితే నేరం. తొండను చెట్టు మీదే ఉండనివ్వండి. ఇగువానా విదేశీదే అయినా 2022 సవరణ తర్వాత నమోదు తప్పనిసరి. అతని దగ్గర ఆ కాగితం ఉంది, గూటి పక్కనే అతికించాడు.

నాలుగో రోజు పొద్దున ఫోటో పంపాడు. గిన్నెలో మునగాకు అలాగే ఉంది. మందార పువ్వు మాత్రం సగం లేదు.