ముందు పోయేది ఏది?

మా కౌకూర్ వైపు సీడీలు పారేయని ఇళ్ళు చాలానే ఉన్నాయి. బొల్లారం, యాప్రాల్ పక్కనే కాబట్టి రిటైరైన ఫౌజీలు ఎక్కువ. దేశమంతా బదిలీల మీద తిరిగినవాళ్ళు, సామాన్లు ఎన్ని వదిలించుకున్నా పాటల పెట్టె మాత్రం వదలరు. అలాంటి ఒకాయన మొన్న నన్ను పట్టుకున్నారు. "ప్లేయర్ మూలపడిందండీ. అన్నీ ఒకదాంట్లోనే ఉండే సీడీ ప్లేయర్ కొనమంటారా, డాక్ విడిగా కొని దేనికో ఒకదానికి తగిలించుకోమంటారా?"

తెలియనివాళ్ళ కోసం ఒక్క మాట. సీడీ మీద ఉండేవి అంకెలు. ఒక్కో చెవికి సెకనుకు 44,100 అంకెలు, ఒక్కోటి 16 బిట్లు. బిళ్ళని తిప్పి లేజర్‌తో ఆ అంకెల్ని చదవడం ఒక పని. చదివినదాన్ని ఆంప్లిఫయర్‌కి పనికొచ్చే కరెంటుగా మార్చడం ఇంకో పని. ఆ రెండో పని చేసే కన్వర్టరే డాక్. అది ప్లేయర్ కడుపులోనే ఉండొచ్చు, విడి పెట్టెగానూ ఉండొచ్చు.

ఈ చర్చ ఎక్కడ మొదలైనా నేరుగా సౌండ్ మీదికే పోతుంది. నేను మాత్రం చదివేదీ, మార్చేదీ రెండింట్లో ముందు పోయేది ఏది అని అడుగుతాను.

1982 అక్టోబర్‌లో సోనీ తొలి ప్లేయర్ సీడీపీ-101 జపాన్‌లో అమ్మకానికి వచ్చినప్పుడు దాని ధర 1,68,000 యెన్‌లు. అంత పోసి కొన్నా లోపల కన్వర్టర్ ఒక్కటే. కుడి చెవికీ ఎడమ చెవికీ అదే వంతులవారీగా పనిచేసేది. ఫిలిప్స్ దగ్గర అప్పటికి 14 బిట్ల చిప్పే ఉంది. 16 బిట్ల సీడీని దాంతోనే, నాలుగు రెట్ల వేగంతో నడిపించి నెట్టుకొచ్చారు. ఆ రోజుల్లో ఖరీదైనదీ, ఏటేటా మెరుగుపడుతున్నదీ కన్వర్టరే అన్నమాట. ఆ దశాబ్దం ముగిసేలోపు విడి డాక్‌లు బజారులోకి వచ్చాయంటే కారణం అదే. ఉన్న ప్లేయర్‌ని అలాగే ఉంచుకుని చిప్పు మాత్రం కొత్తది తెచ్చుకోవచ్చు.

ఇప్పుడు సంగతి తిరగబడింది. మంచి కన్వర్టర్ ఫోనుకు తగిలించే వేలెడంత ముక్కలో ఇమిడిపోయింది. దొరకనిది బిళ్ళని తిప్పి చదివే మెకానిజం. ఫిలిప్స్ పేరుమోసిన పాత మెకానిజాలు తయారీలోనే లేవు. అప్పట్లో కొత్తది వస్తుందని విడదీశారు, ఇప్పుడు పాతది పోతుందని విడదీయాలి.

మా దగ్గర అది కాస్త తొందరగానే పోతుంది. చుట్టూ కట్టడాలు, ఎండాకాలం వచ్చిందంటే కిటికీ మూసినా ఆగని దుమ్ము. సీడీ మీద ఒక వరుసకీ పక్క వరుసకీ మధ్య దూరం 1.6 మైక్రోమీటర్లు. లోపలి అంచున నిమిషానికి 500 చుట్లు, బయటి అంచుకొచ్చేసరికి 200 చుట్లు తిరిగే బిళ్ళ మీద లెన్స్ ఆ వరుసని వదలకుండా పట్టుకోవాలి. లెన్స్ మీద సన్నటి దుమ్ము పొర చాలు, పాట ఎగురుతుంది. లెన్స్ జరిగే పట్టాల మీది గ్రీజు ఎండి గట్టిపడుతుంది. ట్రేని లాగే చిన్న రబ్బరు బెల్టు సాగిపోయి, మనం ఎంత బతిమాలినా ట్రే బయటికి రాదు. కోఠి గుజరాతీ గల్లీలో ఎవరి దగ్గరికి తీసుకెళ్ళినా మూత విప్పకముందే తీర్పు వచ్చేస్తుంది: "లెన్స్ వీక్ అయ్యింది సార్." చాలాసార్లు నిజమే అవుతుంది కూడా. సోనీ కేఎస్ఎస్-213 లాంటి యూనిట్లకు నకళ్ళయినా దొరుకుతాయి. ఒకే కంపెనీ ఒకే మోడల్ కోసం చేసుకున్న మెకానిజం అయితే, వేలు పోసి కొన్న పెట్టెలో బంగారంలాంటి కన్వర్టర్ ఉండి కూడా మొత్తం అటకెక్కుతుంది. విడి డాక్‌లో తిరిగేదీ, అరిగేదీ ఏమీ లేదు. అడాప్టర్ కాలితే ఇంకోటి తెచ్చుకుంటాం.

ఒకే పెట్టె పక్షాన గట్టి వాదన ఒకటుంది, దాన్ని దాటవేయకూడదు. అంకెలు సరిగ్గా ఉంటే చాలదు, ఒక్కో అంకె పడాల్సిన క్షణంలోనే పడాలి. ఒకే పెట్టెలో ఆ క్షణాల్ని లెక్కపెట్టే గడియారం కన్వర్టర్ పక్కనే కూర్చుని మెకానిజాన్ని తన చెప్పుచేతల్లో పెట్టుకుంటుంది. విడదీస్తే గడియారం మొదటి పెట్టెలో ఉండిపోతుంది. రెండో పెట్టె కేబుల్ మీద వచ్చే అంకెల్లోంచే లయని ఏరుకోవాలి. తాళం వేసేవాడు ఒక గదిలో, పాడేవాడు ఇంకో గదిలో కూర్చున్నట్టు. ఈ తడబాటునే జిట్టర్ అంటారు. 90ల మొదట్లో దీన్ని గురించి పేజీలకు పేజీలు రాశారంటే ఊరికే కాదు. ఇవాళ్టి చాలా డాక్‌లు మాత్రం వచ్చిన అంకెల్ని కాసేపు తమ దగ్గర పెట్టుకుని, సొంత గడియారంతో మళ్ళీ వరుసలో నిలబెట్టుకుంటాయి. జిట్టర్ పేరు చెప్పి ఇప్పుడెవరైనా లక్ష రూపాయల పెట్టె చూపిస్తే నేను మర్యాదగా టీ తాగి వచ్చేస్తాను.

పైగా వినేది ఎక్కడ? 16 బిట్ల సీడీకి సిద్ధాంతం ప్రకారం 96 డెసిబెల్స్ వెడల్పు ఉంది. ఏప్రిల్‌లో మా గదిలో ఫ్యాన్ ఆపగలిగే మగాడు ఇంకా పుట్టలేదు. ఆ ఫ్యాను శబ్దమే 40 దాకా ఉంటుంది. హకీంపేట నుంచి విమానం లేచిందంటే ఆ లెక్క కూడా లేదు. సరిగ్గా తయారైన రెండు కన్వర్టర్ల మధ్య తేడా ఆ ఫ్యాను అడుగున ఎక్కడో ఉంటుంది. స్పీకర్ని గోడ నుంచి ఒక జానెడు ముందుకు జరిపితే వచ్చే తేడా వంటింట్లోకి కూడా వినిపిస్తుంది.

అన్నట్టు, కోఠిలో ఒకప్పుడు అమ్మిన 'ఘంటసాల 150 పాటలు' తరహా ఎంపీ3 బిళ్ళలు చాలా ఇళ్ళలో ఉన్నాయి. మామూలు ఆడియో సీడీలో సెకనుకు 1,411 కిలోబిట్లు. 128తో చేసిన ఎంపీ3లో అందులో పదకొండో వంతు మిగులుతుంది. ఆ కోసేసిన ముక్కలు ఏ డాక్ కొన్నా తిరిగిరావు. కొన్ని సీడీ ప్లేయర్లు ఆ బిళ్ళల్ని అసలు చదవవు కూడా, అది ముందే అడిగి తెలుసుకోవాలి.

ఫౌజీగారికి నేను చెప్పింది ఇది. ఇంట్లో పాత డీవీడీ ప్లేయర్ ఉందా? వెనక కోయాక్సియల్ అని రాసి ఒక సాకెట్ ఉంటుంది, తరచుగా నారింజ రంగుది. లేదా ఎర్రటి వెలుతురొచ్చే ఆప్టికల్ రంధ్రం ఉంటుంది. అక్కణ్ణుంచి డాక్‌కి ఒక తీగ వెయ్యండి. డీవీడీ ప్లేయర్‌లో సీడీ కోసం 780 నానోమీటర్ల లేజర్ వేరే ఉంటుంది, కాబట్టి చదవడానికి ఇబ్బంది లేదు. అది చచ్చిపోయినా ఎర్రగడ్డ ఆదివారం సంతలో దాని తమ్ముడు దొరుకుతాడు. డాక్ మాత్రం అలాగే ఉంటుంది, టీవీకీ ఫోన్‌కీ కూడా పనికొస్తుంది. చిక్కులు లేకపోలేదు. ఎన్నో పాట నడుస్తోందో చూడాలంటే కొన్నింటికి టీవీ వెయ్యాల్సిందే. కొన్ని 44,100ని 48,000గా మార్చి పంపిస్తాయి, సెట్టింగుల్లో వెతికి ఆపాలి. తొలినాటి కొన్ని సీడీల్లో హెచ్చు స్వరాల్ని పెంచి రికార్డు చేసి, ప్లేయర్‌ని తగ్గించుకోమని గుర్తు పెట్టారు. ఆ గుర్తుని పట్టించుకోని డాక్‌లో పాట మరీ కీచుగా వినిపిస్తుంది.

ఇవన్నీ విన్నాక ఆయన మొహం చిన్నబోయింది. రిమోట్ ఒకటే ఉండాలి, ఇంటావిడకి కూడా నొక్కడం రావాలి అన్నారు. అలాంటప్పుడు ఒకే పెట్టె కొనుక్కోవడంలో తప్పేమీ లేదు. కాకపోతే వెనక డిజిటల్ అవుట్ ఉన్నదే కొనమన్నాను. రేపు లోపలి కన్వర్టర్ పోయినా బయట ఒకటి తగిలించుకోవచ్చు. డిజిటల్ ఇన్ కూడా ఉంటే ఇంకా మేలు, మెకానిజం పోయాక ఆ పెట్టే డాక్‌గా బతుకుతుంది.

కొత్తదైనా పాతదైనా కొనేటప్పుడు షాపులో మొదటి పాట విని మోసపోవద్దు. సీడీని లోపలి నుంచి బయటికి చదువుతారు. బిళ్ళ ఊగేదీ, నీరసించిన లెన్స్ పట్టు తప్పేదీ ఎక్కువగా బయటి అంచు దగ్గరే. నిండుగా 70 నిమిషాలకు పైన ఉన్న సీడీ జేబులో వేసుకెళ్ళండి. కచేరీ సీడీ అయితే తిన్నగా మంగళం పెట్టమనండి. అది ఎగరకుండా పూర్తయ్యాకే ధర మాట్లాడండి.