ప్రాస పట్టుకుంటే చదువు పట్టుబడుతుంది

బడిలో చేరేనాటికే తెలుగు పిల్లల చెవిలో ప్రాస ఉంటుంది. చెమ్మచెక్క ఆడేటప్పుడు, గోరుముద్దలు తినేటప్పుడు, ఉయ్యాల్లో జోలపాట వినేటప్పుడు ఒకే తీరున ముగిసే మాటలు వాళ్లకు అలవాటవుతాయి. మన పదాలు చాలావరకు అచ్చుతోనే ముగుస్తాయి కాబట్టి ప్రాస వెతక్కుండానే దొరుకుతుంది. పద్యంలో పాదపాదానా రెండో అక్షరాన్ని కలపడం మన కవులు నియమంగా పెట్టుకున్నారు. ఇంత పదునైన చెవిని పక్కనపెట్టి, 56 అక్షరాలూ గుణింతాలూ పూర్తయ్యాకే మాటలు చదివిస్తామంటే, పసివాళ్లు నెలల తరబడి అర్థం తెలియని గీతలు దిద్దుతూ కూర్చోవాలి.

ప్రాసపదాలతో చదివించడంలో కిటుకు ఒక్కటే. పదంలో మిగతాదంతా కదలకుండా ఉంచి, ఒక్కటి మాత్రం మార్చాలి.

పలక మీద కుడివైపు ‘ల’ రాయండి. ఎడమవైపు ఖాళీ వదలండి. ఆ ఖాళీలో ‘త’ రాస్తే తల. దాన్ని తుడిచి ‘వ’ రాస్తే వల. ‘క’ రాస్తే కల, ‘అ’ రాస్తే అల. ‘ల’ నాలుగుసార్లు కంటపడింది కాబట్టి ఇక మరిచిపోరు. మారిన అక్షరం మీదే చూపు నిలిచింది కాబట్టి అదీ గుర్తుంటుంది. నేర్చుకున్నది ఐదక్షరాలే, చదివింది మాత్రం నాలుగు మాటలు. తలంటే ఏమిటో, వలంటే ఏమిటో పిల్లలకు ముందే తెలుసు.

తర్వాత గుణింతం. ఆట, పాట, మాట, బాట చదివాక, ఈసారి మొదటి అక్షరాన్ని అలాగే ఉంచి గుర్తు మార్చాలి. పాట, పూట, పేట. ‘ప’కు దీర్ఘమిస్తే ఒక మాట, కొమ్ము దీర్ఘమిస్తే మరో మాట, ఏత్వమిస్తే ఇంకో మాట. గుర్తు మారితే అర్థమే మారిపోతుందని పిల్లలు కళ్లారా చూస్తారు. గుణింతం వరసగా అప్పజెప్పినంత మాత్రాన ఈ తెలివిడి రాదు. సున్నకు పంట, మంట, గంట, వంట, జంట ఉండనే ఉన్నాయి.

పిల్లలు ఎక్కువగా తడబడేది ఒత్తుల దగ్గర. డ, వ ఒత్తులు తలకట్టు తీసేసిన అసలు అక్షరంలాగే ఉంటాయి. అందుకే ముందు గడ్డ, గుడ్డ, బిడ్డ చదివించాలి. ఆపైన అవ్వ, బువ్వ, గువ్వ, మువ్వ. మ, త, న, ల, య, ర ఒత్తులు అసలు అక్షరాన్ని పోలవు. అక్కడే అమ్మ, బొమ్మ, కొమ్మ, నిమ్మ ఆదుకుంటాయి. ‘అమ్మ’ అని చదవడం వచ్చిన బిడ్డకు, ‘బొమ్మ’లో కింద ఉన్న ఆ కొత్త ఆకారం ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు లినెట్ బ్రాడ్లీ, పీటర్ బ్రయంట్ 1983లో ‘నేచర్’ పత్రికలో ఒక అధ్యయనం ప్రకటించారు. నాలుగైదేళ్ల వయసులో ప్రాసను బాగా పసిగట్టిన పిల్లలు తర్వాత చదవడంలోనూ ముందున్నారని తేలింది. ధ్వనుల పోలికలతోపాటు ప్లాస్టిక్ అక్షరాలను కూడా చేతికిచ్చి నేర్పిన పిల్లలు అందరికంటే ఎక్కువ మెరుగుపడ్డారు. అది ఇంగ్లీషు పిల్లల సంగతి. వాళ్ల స్పెల్లింగు చిక్కులు మనకు లేవు. కానీ చెవికి విన్నదీ కంటికి కనిపించేదీ ఒకేచోట కలవాలన్న సూత్రం మనకూ వర్తిస్తుంది.

ఒక్క జాగ్రత్త తప్పనిసరి. పిల్లలు పలక వైపు చూడకుండానే కొండ, బండ, దండ అని పాడేస్తుంటే అది కంఠస్థమే, చదువు కాదు. అప్పుడు వరస తారుమారు చేయాలి. మధ్యలో ‘మేక’ అని రాసి, ఇందులో కలవనిది ఏదో పట్టుకోమనాలి. ఎవరైనా సొంతంగా ‘గోట’ అని రాసి చదివితే కోప్పడవద్దు. అలాంటి మాట లేకపోవచ్చు, చదవడం మాత్రం సరిగ్గానే చదివారు. చివరగా ఆ మాటలతోనే చిన్న వాక్యాలు కట్టాలి. కొండ పక్కన బండ, బండ మీద దండ.

ఇంట్లో తెలుగు తక్కువగా వినే ప్రవాసుల పిల్లలకు, పలక పట్టించే ముందు కొన్నాళ్లు ఈ మాటలతో నోటి ఆటలు ఆడించాలి. చెవిలో లేని ప్రాస కంటికి సాయపడదు.

ఈ పద్ధతికి ఖర్చు లేదు. పలకా బలపమూ, పక్కన కూర్చునే ఓపికా చాలు. అంగన్‌వాడీ టీచర్లకు, ఒకటో తరగతి ఉపాధ్యాయులకు, అమ్మానాన్నలకు, తాతయ్యలకు, నానమ్మలకు ఒకటే మనవి. అక్షరమాల పూర్తయ్యేదాకా ఆగకండి. నాలుగక్షరాలు వచ్చిన రోజే వాటితో మూడు మాటలు చదివించండి.