హయాత్ బఖ్షీ బేగం: కన్నీళ్ళా, ఒడంబడికా?

గోల్కొండ చరిత్ర రాసేవారు హయాత్ బఖ్షీ బేగం ప్రసక్తి రాగానే స్వరం మార్చుతారు. అంతవరకు కోటలు, ఫిరంగులు, వజ్రాల గనుల మాట. ఆమె రాగానే కన్నీళ్ళు. ముహమ్మద్ ఖులీ కుతుబ్‌షాహ్ ఏకైక కుమార్తె, సుల్తాన్ ముహమ్మద్ (1612–1626) పట్టమహిషి, అబ్దుల్లా కుతుబ్‌షాహ్ (1626–1672) తల్లి. మూడు తరాల పాలనను లోపలినుంచి చూసిన ఈ వనితకు మన రచయితలు రెండే రెండు దృశ్యాలు కేటాయించారు.

మొదటిది ఏనుగు కథ. బాలుడైన అబ్దుల్లాను ఎక్కించుకున్న మదపుటేనుగు అడవిలోకి పారిపోయిందనీ, బిడ్డ క్షేమంగా తిరిగివస్తే ఏనుగు సంకెలంత బరువుగల బంగారు గొలుసు సమర్పిస్తానని తల్లి మొక్కుకున్నదనీ జనశ్రుతి. హైదరాబాదు లంగరు ఊరేగింపు అలా పుట్టిందంటారు. అందమైన కథ. దీనిని కథగానే ఉంచితే ఎవరికీ నష్టం లేదు.

రెండవ దృశ్యంతోనే చిక్కు. 1656లో (హి.శ. 1066) ఔరంగజేబు గోల్కొండను ముట్టడించినప్పుడు వయసు మళ్ళిన ఈ రాణి కోట వెలుపలికి వచ్చి మొగలు శిబిరానికి వెళ్ళింది. వెళ్ళి "ప్రాధేయపడింది", "కాళ్ళావేళ్ళా పడింది" అని తెలుగులో రాస్తూ వస్తున్నారు. ఈ మాటలు ఎక్కడినుంచి వచ్చాయి? అబ్దుల్లా ఆస్థానంలో నిజాముద్దీన్ అహ్మద్ రచించిన "హదీఖతుస్సలాతీన్" 1640ల తొలి సంవత్సరాల దగ్గరే ఆగిపోతుంది. ముట్టడి నాటి సంగతులకు ప్రధానాధారం ఔరంగజేబు లేఖల సంపుటం "ఆదాబె ఆలంగీరీ". అంటే ముట్టడించినవాని కలమే మనకు సాక్షి. ఆ దర్బారీ ఫార్సీలో చిన్నవాడు పెద్దవానితో ఏం మాట్లాడినా అది "అర్జ్", "ఇల్తిమాస్". బేరమాడినా అర్జే, షరతు పెట్టినా ఇల్తిమాసే. అది లేఖన మర్యాద. దానిని అక్షరాలా తెనిగించి, రాణి చేత కన్నీరు పెట్టించడం అనువాదం కాదు.

ఆ శిబిరంలో తేలిన సంగతులు చూస్తే విషయం స్పష్టమవుతుంది. పరిహారం, బకాయిలు కలిపి కోటి రూపాయలు. అబ్దుల్లా రెండవ కుమార్తెను ఔరంగజేబు కొడుకు ముహమ్మద్ సుల్తాన్‌కిచ్చి నికాహ్. అందుకు బదులుగా రాజ్యం అబ్దుల్లా చేతిలోనే ఉండాలి. ఇది ఒడంబడిక. కుదుర్చుకున్నది అంతఃపుర స్త్రీ కావడం వల్లనే అది విలాపంగా మారింది. అదే పని ఒక వజీరు చేసి ఉంటే "రాయబారం" అని రాసేవారు కాదా?

అయితే ఆమే రాజ్యాన్ని కాపాడిందని ఎత్తిపట్టేవారి మాట కూడా నిలవదు. రాజ్యాన్ని పూర్తిగా కలుపుకోవాలన్నదే ఔరంగజేబు పట్టుదల. షాజహాన్ పంపిన క్షమాపణ లేఖను అతడు కొంతకాలం బయటపెట్టలేదని జాదూనాథ్ సర్కార్ చూపాడు. దారా షికోహ్ ద్వారా గోల్కొండ రాయబారి ఢిల్లీలో నడిపిన యత్నం ఫలించి, చక్రవర్తి గట్టి ఆజ్ఞ వచ్చాకనే మార్చి 30న ముట్టడి లేచింది. బేగం మాటకు ఢిల్లీ ఆజ్ఞ తోడైంది. ఆమె పాత్రను తగ్గించనక్కరలేదు, పెంచనూ అక్కరలేదు.

ఇక, హైదరాబాదులో కూర్చుని రాసేవారికి కానరానిదీ, నెల్లూరు తీరంనుంచి చూస్తే కొట్టవచ్చినట్టు కనబడేదీ ఒకటుంది. ఆ విపత్తుకు మూలం ఈ తీరమే. 1636 నాటి లొంగుబాటు పత్రంతోనే గోల్కొండ క్షీణత మొదలైంది. ఖుత్బాలో పన్నెండుమంది ఇమాముల పేర్లు పోయి నలుగురు ఖలీఫాల పేర్లు వచ్చాయి, షాజహాన్ పేరు చేరింది, ఏటా రెండు లక్షల హొన్నుల కప్పం పడింది. హొన్ను మారకం నాలుగు రూపాయలనుంచి ఐదుకు పెరిగితే ఆ తేడా కూడా బకాయేనని తర్వాత ఔరంగజేబు అడిగాడు. ఉత్తరాన ఇలా కట్టుబడిన రాజ్యం దక్షిణాన కాళ్ళు చాచింది. విజయనగర వంశంలో మిగిలిన శ్రీరంగరాయల చేతినుంచి ఉదయగిరి, పెన్నా దిగువ సీమ, ఆపై గండికోట (1650) మీర్ జుమ్లా గెలిచాడు. బట్టల వర్తకం కోసం ఇంగ్లీషువారు మద్రాసుకు ముందే దుగరాజపట్నంలో దిగింది ఈ తీరాన్ని చూసే. గెలిచింది సుల్తాను పేరిట, అనుభవించింది మీర్ జుమ్లా. అతని కర్ణాటక సీమ ఆదాయం ఏటా 40 లక్షల రూపాయలని సర్కార్ లెక్క. సేవకుడు ప్రభువును మించాడు. 1655లో అతని కొడుకు ముహమ్మద్ అమీన్‌ను దర్బారులో చేసిన అవమానానికి ఖైదు చేయగానే, ఔరంగజేబుకు సాకు దొరికింది.

హెచ్.కె. షేర్వానీ కుతుబ్‌షాహీ చరిత్ర (1974) ఈ వివరాలన్నిటికీ చోటిచ్చిన గ్రంథం. భాగమతి కథను ఆయన జల్లెడ పట్టినంత శ్రద్ధగా మన వ్యాసకర్తలు బేగం కథను పట్టలేదు. పట్టి ఉంటే అసలు ప్రశ్న వేసేవారు: శిబిరంలో ఆమె దేనిని రాబట్టలేకపోయింది? కర్ణాటకను. మీర్ జుమ్లా మార్చి నెలలోనే మొగలుల కొలువులో చేరాడు. ఆ సీమ తమదని గోల్కొండ ఎంత చెప్పినా అది అతని జాగీరుగానే మిగిలింది. రాజధాని దక్కింది, తీరం జారింది.

కాని కథ అక్కడ ఆగలేదు. ఏడాదిన్నర తిరగకుండా షాజహాన్ జబ్బుపడ్డాడు, కొడుకులు కత్తులు దూశారు, మీర్ జుమ్లా ఉత్తరాదికి పోయాడు. గోల్కొండ సేనలు మళ్ళీ తీరానికి దిగి 1662లో శాంథోమ్ దాకా వెళ్ళాయి. అప్పటికి బేగం బతికే ఉంది. 1667లో (హి.శ. 1077) కన్నుమూసింది. ఆమె గోరీ గోల్కొండ సమాధుల తోటలో సుల్తానుల గోరీల సరసనే ఉంది. హయాత్‌నగర్‌లో మసీదు, సరాయి, పెద్ద బావి ఆమె పేరు చెబుతున్నాయి. ఆ ఒడంబడికలో పెండ్లికొడుకైన ముహమ్మద్ సుల్తాన్ గోల్కొండ సింహాసనం ఎక్కలేదు. తండ్రి విధించిన ఖైదులోనే 1676లో మరణించాడు. గద్దె దక్కింది ఆమె మరో మనుమరాలి భర్త అబుల్ హసన్ తానాషాకు, అదీ 1687 వరకే.