గాలివాటు లెక్కలు

మా వీధి పెద్దావిడ ఒకరు ఈ వారం నన్ను ఆపి ఓ ప్రశ్న అడిగారు. అడిగినందుకు ఆవిడకు దణ్ణం పెట్టాలనిపించింది. మనవరాలు ఢిల్లీలో విమానం ఎక్కి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తోందట. "బాబూ, చుట్టూ తిరిగి పోయినా ముందే చేరిపోతుందంటున్నారు. అదెలాగ?"

కిలోమీటర్లంటే నాకు గిట్టదని ఈ కాలమ్ చదివేవారికి కొత్తగా చెప్పక్కర్లేదు. ఫలానా ఊరు పూట ప్రయాణం అనే మా తాతల లెక్కే లెక్క అని ఎన్నోసార్లు వాదించాను. పెద్దావిడ ప్రశ్న నా వైపు సాక్ష్యం చెప్పేదే. ఎయిరిండియా 2015 డిసెంబరులో ఈ సర్వీసు మొదలుపెట్టినప్పుడు విమానం అట్లాంటిక్ మీదుగా దాదాపు 13,900 కిలోమీటర్లు ఎగిరేది. 2016 అక్టోబరులో దాన్ని తూర్పుకు తిప్పి పసిఫిక్ మీదుగా పంపారు. దూరం 15,300 అయింది. ప్రయాణం మాత్రం రెండు గంటల దాకా తగ్గి, పద్నాలుగున్నర గంటల్లో ముగిసింది.

అది జెట్ స్ట్రీమ్ చలవ. విమానాలు ఎగిరే ఎత్తులో పడమటి నుంచి తూర్పుకు పోయే ఉధృతమైన గాలి అది. ఆ పేరు వినగానే నాకు వసాబురో ఓయిషి గుర్తొస్తాడు. జపాన్‌లో తతెనో అబ్జర్వేటరీ నడిపినాయన. 1920లలో బెలూన్లు వదిలి, అవి ఎటు కొట్టుకుపోతున్నాయో ఓపిగ్గా కనిపెట్టి, పైగాలి వేగాన్ని లెక్కకట్టాడు. ప్రపంచమంతా చదవాలని 1926లో తన నివేదికను ఎస్పెరాంతో భాషలో అచ్చువేశాడు. చదివినవాళ్లు దాదాపు లేరు. 1944 చివర్లో టోక్యో మీదికి వెళ్ళిన అమెరికన్ బి-29 బాంబర్లు ఆ గాలికి చిక్కి గురి తప్పాయి. జపాన్ సైన్యం అదే గాలిలో అమెరికా మీదికి వేలాది బాంబు బెలూన్లు వదిలింది. అందరికీ చెబుదామని ఒక మనిషి రాసిపెట్టిన సంగతి చివరికి యుద్ధానికి పనికొచ్చింది. ఎప్పుడు తలచుకున్నా మనసు చివుక్కుమంటుంది. ఇప్పుడు ఫ్లైట్ డిస్పాచర్లు ప్రతి ప్రయాణానికీ ముందు ఆ రోజు గాలుల పటం చూసి దారి గీస్తున్నారు. ఓయిషి కోరుకున్నది ఇలాంటి చదువరులనే అనుకుంటాను.

ఇక గంటలే అసలు దూరం అని తేల్చేయవచ్చు. కానీ ఇక్కడిదాకా వచ్చాక నా వాదం నాకే నిలవడం లేదు. గంటల్ని పెంచేది గాలి ఒక్కటే అయితే బాగుండేది. 2025 ఏప్రిల్‌లో పాకిస్థాన్ మన విమానాలకు తన గగనతలం మూసేశాక, ఢిల్లీ నుంచి ఉత్తర అమెరికా వెళ్ళే సర్వీసులు కొన్ని ఇంధనం కోసం వియన్నాలోనో కోపెన్‌హాగన్‌లోనో దిగాల్సి వచ్చింది. అమెరికా విమానాలకు 2022 నుంచీ రష్యా మీద దారి లేదు. గాలి పెంచిన గంటా, దేశాల తగువులు పెంచిన గంటా గడియారంలో ఒక్కలాగే కనిపిస్తాయి.

భూగోళం మీద ఢిల్లీకీ శాన్‌ఫ్రాన్సిస్కోకీ మధ్య అతి దగ్గరి దారి సుమారు 12,400 కిలోమీటర్లు. ఎవరు ఏ ఆకాశం మూసినా ఈ అంకె కదలదు. టికెట్ మీద ప్రయాణపు గంటల పక్కనే దీన్నీ అచ్చువేయాలని నేనిప్పుడు గట్టిగా కోరుతున్నాను. పిల్లల దగ్గరికి వెళ్తూ, వాచిన కాళ్ళతో ఇరుకు సీట్లో కూర్చునే తల్లిదండ్రులకు తాము కూర్చున్నది ఎంత దూరానికో, ఎవరి తగువుకో తెలియాలి.