బెల్లు కొట్టే ముందు ఒక్క నిమిషం

"అర్థమైందా?" అని మాస్టారు అడుగుతారు. "అర్థమైంది సార్" అని క్లాసంతా ఒక్క గొంతుతో అంటుంది. బోర్డు తుడిచేసి ఆయన తర్వాతి పాఠంలోకి వెళ్లిపోతారు. మన బడుల్లో, కాలేజీల్లో రోజూ జరిగే తంతే ఇది. ఎంతమందికి నిజంగా అర్థమైందో పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు గానీ తెలియదు. అప్పటికి ఆ పాఠం అయిపోయి వారాలు గడిచిపోతాయి. వెనక్కి వెళ్లి మళ్లీ చెప్పే తీరిక ఎవరికీ ఉండదు.

ఆ వారాల ఆలస్యాన్ని ఒక్క రోజుకు తగ్గించే చిన్న చిన్న పద్ధతులు అధ్యాపకుల చేతుల్లో చాలాకాలంగా ఉన్నాయి. వాటిని ఓపిగ్గా సేకరించి ఒకచోట చేర్చినవారు అమెరికాకు చెందిన థామస్ ఏంజెలో, కె. పాట్రీషియా క్రాస్. కాలేజీ అధ్యాపకుల కోసం వారు రాసిన చేతిపుస్తకం 1988లో వచ్చింది. 1993 నాటి రెండో కూర్పులో మొత్తం 50 పద్ధతులున్నాయి. వీటికి సాధారణంగా మార్కులుండవు, చాలావాటికి పేరు కూడా రాయనక్కర్లేదు. విద్యార్థి ఎంతటివాడో తేల్చడం వీటి పని కాదు. నిన్న చెప్పిన పాఠం ఎక్కడి దాకా చేరిందో, రేపు ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పిన మనిషికి తెలియడమే వీటి పని.

వాటిలో అన్నిటికన్నా పేరొందినది 'ఒక్క నిమిషం చీటీ'. బర్క్‌లీలో ఫిజిక్స్ చెప్పిన చార్లెస్ ష్వార్ట్జ్ దీన్ని వాడేవారని చెబుతారు. బెల్లు కొట్టే ముందు పిల్లలు ఒక కాగితం ముక్క మీద రెండు ప్రశ్నలకు జవాబు రాస్తారు: ఈ రోజు నేర్చుకున్నవాటిలో ముఖ్యమైనది ఏమిటి? ఇంకా తేలకుండా మిగిలిన ప్రశ్న ఏది? హార్వర్డ్‌లో స్టాటిస్టిక్స్ చెప్పిన ఫ్రెడరిక్ మోస్టెల్లర్ తన అనుభవాన్ని 1989లో రాశారు. పాఠంలో అన్నిటికన్నా గందరగోళంగా అనిపించిన చోటు ఏదని ఆయన అడిగేవారు. అంతటి గణాంక శాస్త్రవేత్త తన పాఠం ఎక్కడ తడబడిందో పిల్లల్నే అడిగి తెలుసుకున్నారంటే, మిగతా అధ్యాపకులు మొహమాటపడాల్సిన పని లేదు.

చీటీ రాయాలంటే పిల్లలు కాస్త పెద్దవాళ్లై ఉండాలి. చిన్న తరగతులకు పలకకు మించిన సాధనం లేదు. ప్రశ్న అడగడం, అందరూ రాయడం, "చూపించండి" అనగానే ఒక్కసారిగా పైకెత్తడం, అంతే. పక్కవాడి పలక చూసి దిద్దుకునే వ్యవధి ఉండదు. మొదటి బెంచీ పిల్ల చెప్పిన సరైన జవాబు చాటున నలభైమంది దాక్కునే అవకాశమూ ఉండదు.

దశాంశాల పాఠమే చూద్దాం. 0.8, 0.35లలో ఏది పెద్దది? చాలా పలకల మీద 0.35 కనబడుతుంది. 8 కన్నా 35 పెద్దది కాబట్టి అదే పెద్దదని ఆ పిల్లల లెక్క. 0.8 అని రాసినవాళ్లకు అర్థమైనట్టేనా? అలా అనుకోవడానికి లేదు. పదో వంతు నూరో వంతు కన్నా పెద్దది కాబట్టి, చుక్క తర్వాత అంకెలు తక్కువున్న సంఖ్యే ఎప్పుడూ పెద్దదని నమ్మే పిల్లలు కొందరుంటారు. వాళ్లూ 0.8 అనే రాస్తారు. అందుకే వెంటనే ఇంకో జత ఇవ్వాలి: 0.4, 0.63. ఈసారి మొదటి రకం పిల్లలు 0.63 అని సరిగ్గా రాస్తారు, రెండో రకం వాళ్లు 0.4 దగ్గర దొరికిపోతారు. రెండు జతలూ సరిగ్గా రాసినవాళ్లు మూడో రకం. రెండు నిమిషాల్లో క్లాసు మూడు గుంపులుగా విడిపోయి కళ్లెదుట కనబడుతుంది. ఇద్దరు తప్పు రాశారు కదా అని ఒకే మందు వేస్తే పని జరగదు. ఒకరికి స్థాన విలువ మళ్లీ మొదటి నుంచి చెప్పాలి. ఇంకొకరికి పదో వంతులూ నూరో వంతులూ కలిపి చదవడం నేర్పాలి. కాబట్టి పలక ఎంత ముఖ్యమో, దాని మీద రాయించే ప్రశ్న అంతకన్నా ముఖ్యం. మంచి ప్రశ్న తయారుచేయడానికి ముందురోజు రాత్రి అరగంట కూర్చున్నా ఆ శ్రమ వృథా పోదు.

పెద్ద చదువుల్లోనూ కథ ఇదే. హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజుర్‌కు విద్యార్థుల నుంచి మంచి మార్కులు వచ్చేవి, విద్యార్థులకూ పరీక్షల్లో మంచి మార్కులు వచ్చేవి. 1990 ప్రాంతంలో ఆయన బలం గురించి అతి మామూలు మాటల్లో ఉన్న ప్రశ్నలు ఇచ్చి చూశారు. బరువైన ట్రక్కూ చిన్న కారూ ఢీకొంటే ఏది దేని మీద ఎక్కువ బలం చూపుతుంది అన్న తరహా ప్రశ్నలవి. న్యూటన్ మూడో సూత్రం కంఠతా వచ్చినవాళ్లే అక్కడ తడబడ్డారు. మీరు నేర్పినట్టు రాయాలా, మేం మామూలుగా అనుకునేట్టు రాయాలా అని ఒక విద్యార్థి అడిగిందట. ఆ తర్వాత ఆయన పాఠం చెప్పే తీరే మారిపోయింది. కాసేపు చెప్పి ఒక ప్రశ్న వేస్తారు. అందరూ జవాబు ఎంచుకుంటారు. మరీ ఎక్కువమంది కాకుండా, మరీ తక్కువమంది కాకుండా సరిగ్గా చెప్పినప్పుడు, పక్కవాళ్లతో వాదించుకోమని వదిలేస్తారు. ఇప్పుడే అర్థం చేసుకున్న తోటి విద్యార్థికి, ఎక్కడ తికమకపడ్డాడో ఇంకా గుర్తుంటుంది. ఆ చోటును మాస్టారు ఎప్పుడో దాటి వచ్చేసి ఉంటారు.

నోటితో అడిగే ప్రశ్నకూ ఒక మెలకువ ఉంది. ప్రశ్న వేశాక ఉపాధ్యాయులు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని మేరీ బడ్ రోవ్ 1970లలోనే గమనించారు. మూడు సెకన్లు ఆగితే చాలు, జవాబులు పొడవుగా వస్తాయి, ఎప్పుడూ నోరు విప్పనివాళ్లూ మాట్లాడతారు. పైసా ఖర్చు లేని సంస్కరణ ఇది.

లండన్ కింగ్స్ కాలేజీకి చెందిన పాల్ బ్లాక్, డిలన్ విలియం సుమారు 250 అధ్యయనాలను పరిశీలించి 1998లో ఒక నిర్ధారణకు వచ్చారు: ఇలా మధ్యమధ్యలో తెలుసుకుంటూ బోధనను మార్చుకుంటే చదువు గట్టిగా మెరుగుపడుతుంది, అందులోనూ వెనకబడిన పిల్లలకే ఎక్కువ మేలు. మన దేశంలో విద్యాహక్కు చట్టంలోని 29వ సెక్షన్ నిరంతర సమగ్ర మూల్యాంకనం ఉండాలని చెప్పింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దాన్ని అమలు చేసినప్పుడు ఫార్మేటివ్ అసెస్‌మెంట్ అనే ఎఫ్‌ఏలో పిల్లల ప్రతిస్పందనలు, రాత పని, ప్రాజెక్టు, స్లిప్ టెస్టు అని నాలుగు భాగాలు పెట్టారు. కాగితం మీద చక్కటి ఆలోచన. ఏడాదికి నాలుగు ఎఫ్‌ఏలు, ప్రతిదానికీ మార్కులు, వాటిని రిజిస్టర్లోనూ ఆన్‌లైన్లోనూ ఎక్కించడం అయ్యేసరికి చాలా బడుల్లో అది మరో పరీక్షగా మారింది. పిల్లలు ప్రాజెక్టులు గైడ్ల నుంచి ఎక్కించుకున్నారు, ఉపాధ్యాయులు గడువులోగా గడులు నింపారు. ఇందులో ఉపాధ్యాయుల తప్పు వెతకడం అన్యాయం. మార్కు పడుతుందని తెలిసిన చోట ఏ పిల్లవాడూ తనకు రాదని రాయడు.

మార్కు నేర్చుకోవడానికి ఎలా అడ్డుపడుతుందో చెప్పడానికి 1988 నాటి ఒక ప్రయోగం గట్టి సాక్ష్యం. ఇజ్రాయెల్‌లో రూత్ బట్లర్ కొందరు పిల్లలకు మార్కులు మాత్రమే ఇచ్చారు, కొందరికి వ్యాఖ్యలు మాత్రమే, ఇంకొందరికి రెండూ. మెరుగుపడింది వ్యాఖ్యలు మాత్రమే అందుకున్నవాళ్లు. మార్కు పక్కన వ్యాఖ్య రాస్తే, ఆ వ్యాఖ్య వల్ల రావలసిన ప్రయోజనం కూడా పోయింది.

అరవై మంది, వంద మంది ఉన్న క్లాసులో ఇదంతా కుదిరేదేనా అన్నది న్యాయమైన సందేహమే. వంద చీటీలనూ దిద్దనక్కర్లేదు, దిద్దకూడదు కూడా. చేతికొచ్చిన ఇరవై తీసి పట్టుకున్నవాళ్లు, సగం పట్టుకున్నవాళ్లు, దారి తప్పినవాళ్లు అని మూడు కట్టలు కడితే చాలు. టీ తాగే సమయంలో అయిపోతుంది. వారానికి ఒకటి రెండు సార్లు చేస్తే సరిపోతుంది. తప్పించుకోకూడని పని మాత్రం ఒకటుంది. మర్నాడు క్లాసు మొదట్లో "నిన్న మీలో చాలామంది ఫలానా చోట ఆగిపోయారు, అక్కడి నుంచి మొదలుపెడదాం" అని చెప్పి తీరాలి. నాలుగుసార్లు రాయించుకుని ఒక్కసారీ జవాబివ్వకపోతే, ఐదోసారి వచ్చే చీటీలన్నిటిలోనూ "అంతా అర్థమైంది" అనే ఉంటుంది.

మన డిగ్రీ కాలేజీలకు ఈ చీటీ అవసరం మరింత ఎక్కువ. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2021-22 నుంచి డిగ్రీ కోర్సులన్నీ ఇంగ్లిష్ మీడియంలోనే అని ప్రకటించింది. ఇంటర్ దాకా తెలుగులో చదివి వచ్చిన అమ్మాయి ఎకనామిక్స్ క్లాసులో మౌనంగా కూర్చుంటే, ఆమెకు గిరాకీ వ్యాకోచత్వమే (ధర మారితే కొనుగోలు ఎంత మారుతుందన్నది) అర్థం కాలేదా, లేక అర్థమైనదాన్ని ఇంగ్లిష్‌లో చెప్పలేకపోతోందా? బయటికి రెండూ ఒకలాగే కనిపిస్తాయి. చీటీ తెలుగులో రాయొచ్చు, రెండు భాషలు కలిపి రాయొచ్చు, బొమ్మ గీసినా పర్లేదు అని లెక్చరర్ ముందే చెబితే ఆ తేడా బయటపడుతుంది. "ఉప్పు ధర పెరిగినా కొనక తప్పదు, సినిమా టికెట్ ధర పెరిగితే మానేస్తాం" అని తెలుగులో రాసిన అమ్మాయికి పాఠం మళ్లీ చెప్పనక్కర్లేదు. ఆమెకు కావలసింది ఆ వాక్యాన్ని పరీక్షలో రాసేటందుకు నాలుగు ఇంగ్లిష్ మాటలు. అవి బోర్డు మీద రాసి ఇవ్వడానికి పది నిమిషాలు పట్టదు.